ముసలి కుక్కను ఆయువుకు వదిలేయడం దయ కాదు

గుంటూరు–తెనాలి రైలు మార్గంలో ఉన్న ఊరు సంగం జాగర్లమూడి. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ నీళ్లతో వరి పండే ఊరు, గుంటూరు నగరానికి తాగునీరు తోడి పంపే ఊరు. ఇక్కడైనా, తెనాలిలోనైనా, రేపల్లె బాపట్లల దాకా వెళ్లి ఏ వీధిలో అడిగినా ముసలి కుక్క గురించి వినిపించే మాట ఒకటే: “దాని ఆయువు తీరితే అదే పోతుందిలే. ప్రాణం తియ్యడానికి మనమెవరం?”

ఈ మాట అనేవాళ్లు కఠినాత్ములేం కారు. చాలామంది ఆ కుక్కను ఇంటి పిల్లతో సమానంగా పెంచినవాళ్లే. పాపభీతి కొంత, ప్రేమ కొంత కలిసి అంటారు. అందుకే దీన్ని ఎవరూ ఎదిరించరు. ఎదిరించాలి. అన్నవాళ్లు ఆ రాత్రి నిద్రపోతారు. దాని భారమంతా మోసేది చావిట్లో ఓ మూల లేవలేక పడివున్న జంతువు.

ఇంటి కుక్క ముసలితనం దాకా బతకడమే మనిషి చలవ. వీధిలో పుట్టిన కూనల్లో చాలా భాగం ఏడాది నిండకుండానే పోతాయి. కొన్ని లారీ చక్రాల కింద, కొన్ని పార్వో వైరస్‌తో, మిగిలినవి ఆకలికి. ఇంట్లో చేరినదానికి వేళకు అన్నం, పెరుగు, రేబిస్ టీకా, డిస్టెంపర్ టీకా, గోమార్ల మందు అందుతాయి. ఎప్పుడు తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఎవరితో జతకట్టాలో, అసలు జతకట్టాలో వద్దో అన్నీ ఇంటివాళ్లే తేలుస్తారు. పన్నెండేళ్లు, పద్నాలుగేళ్లు ఇలా ప్రతిదీ దాని తరఫున నిర్ణయించినవాళ్లు, బాధ తప్ప ఇంకేమీ మిగలని చివరి వారాల్లో మాత్రం ‘ఇది మన చేతిలో లేదు’ అని పక్కకు తప్పుకుంటే దాన్ని ధర్మం అనలేం.

ఆ ‘ఆయువు తీరడం’ ఎలా ఉంటుందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది అటువైపు చూడరు. ముసలి కుక్కల్లో తరచుగా కనిపించేది కిడ్నీలు చెడిపోవడం. మొదట దాహం పెరుగుతుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది. తర్వాత రక్తంలో యూరియా, క్రియాటినిన్ పేరుకుంటాయి. వాంతులు, నోట్లో పుళ్లు, అన్నం వాసన తగిలితేనే మొహం తిప్పుకోవడం. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో చాలావాటికి పదేళ్లు దాటేసరికి తుంటి కీళ్లు, నడుము పోతాయి. లేవలేని కుక్క తన మూత్రంలోనే పడుకుంటుంది. ఎముక నేలకు ఒరుసుకున్న చోట చర్మం చిట్లి పుండవుతుంది. పుండు మీద ఈగ వాలి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు ఒక్క రోజులోనే పురుగులవుతాయి. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే వేడిని దించుకోవాలి. రోహిణీ కార్తె ఉక్కపోతలో రొప్పే ఓపిక కూడా లేనిదాని సంగతి ఊహించండి. ఇదంతా ఒక పూటలో అయిపోదు. రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు.

దీనికి తోడు ఇంకో నమ్మకం ఉంది. కుక్క చావు ఇంటి మీద పడనివ్వదట, చివర్లో తనంతట తనే ఎటో వెళ్లిపోతుందట. జబ్బుపడిన జంతువు అలికిడి లేని, చల్లని చోటు వెతుక్కోవడం నిజమే. దాహంతో నీటివైపు నడవడమూ నిజమే. వయసు మీరి మెదడు మందగించిన కుక్క దారి తప్పుతుంది, చూపు పోయినది తిరిగి రాలేదు. కాలవగట్టు మీదో, వరిచేలో గట్టు పక్కనో అది పడిపోతే ఇంట్లోవాళ్లు దాన్ని త్యాగంగా చెప్పుకుంటారు. దాని వైపు నుంచి అది దిక్కులేని చావు.

‘ప్రాణం పొయ్యలేనివాడికి తీసే హక్కు లేదు’ అన్న వాదన కొత్తది కాదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో గాంధీ ఎదుట పెట్టింది ఇదే. ఆశ్రమంలో ఒక దూడ అవిటిదై, ఎంత వైద్యం చేసినా తేరుకోక, పక్కకు ఒత్తిగిల్లాలన్నా విలవిల్లాడే స్థితికి వచ్చింది. ఇక చెయ్యగలిగింది లేదని వైద్యుడు చెప్పాడు. గాంధీ ఆశ్రమవాసులతో చర్చించాడు. ప్రాణం తీసే హక్కు మనకు లేదని కొందరు గట్టిగా వాదించారు. అన్నీ విన్నాక ఆయన ఒక పార్సీ డాక్టరును పిలిపించి, తాను దగ్గరుండి సూది వేయించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ సంగతి దాచకుండా సెప్టెంబరు 30 నాటి ‘నవజీవన్’లో రాశాడు. దేశం నలుమూలల నుంచి కోపంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అహింసకు ప్రవక్త గోహత్య చేయించాడన్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఎప్పుడు ఇది అహింస అవుతుందో షరతులు కూడా చెప్పాడు: జబ్బు నయం కానిదై ఉండాలి, అందరూ ఆశ వదులుకుని ఉండాలి, ఏ సేవా ఆ ప్రాణికి ఉపశమనం ఇవ్వలేని స్థితి రావాలి, తన ఇష్టమేమిటో అది చెప్పలేనిదై ఉండాలి.

గుంటూరు సీమకు గాంధీ మాట పరాయిది కాదు. 1921లో చీరాల–పేరాల జనం ఊరు ఖాళీ చేసి పాకల్లో ఉన్నది, ఆ తర్వాత పెదనందిపాడు రైతులు పన్నులు కట్టేది లేదని నిలబడ్డది ఆయన పేరు మీదే. అలాంటి నేల మీద జంతువుల బాధ దగ్గరికి వచ్చేసరికి అహింసను చేతులు ముడుచుకు కూర్చోవడంగా కుదించేశారు. ఆయన పెట్టిన షరతుల్లో నాలుగోది అన్నిటికంటే బరువైనది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, కోలుకోలేని స్థితి వస్తే వైద్యం ఆపేయమని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చంది. కుక్క ఏదీ రాసిపెట్టలేదు. దాని తరఫున ఆలోచించాల్సినవాడు ఆలోచించనంటే దానికి ఇంకో దారి లేదు.

ఎదుటివాళ్ల చేతిలో గాంధీకంటే బలమైన ఉదాహరణ ఒకటుంది. అది రమణ మహర్షిది. అరుణాచలంలోని రమణాశ్రమంలో లక్ష్మి అనే ఆవుకు, వల్లి అనే లేడికి, ఒక కాకికి, జాకీ అనే కుక్కకు సమాధులున్నాయి. 1948 జూన్ 18న లక్ష్మి కన్నుమూసినప్పుడు ఆయన దాని పక్కనే కూర్చున్నాడు. ఆ చివరి రోజుల గురించి తెలుగులో లేఖలు రాసిన సూరి నాగమ్మ గుంటూరు జిల్లా కొలనుకొండ ఆడపడుచే. జాకీ జబ్బుపడితే మహర్షి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊపిరి ఆగేదాకా ఉన్నాడు. దేనికీ సూది వేయించలేదు. నిజమే. కాని రమణుల పేరు ఎత్తేవాళ్లు ఆయన చేసిన పని కూడా చెయ్యాలి. పెరట్లో గోనెపట్టా వేసి, గిన్నెలో నీళ్లుపోసి, తలుపేసుకున్న ఇంటికి ఆ ఉదాహరణ చెల్లదు. బాధ అదుపులో ఉండి, శుభ్రంగా, మనిషి చేయి ఒంటిమీద ఉండగా నిద్రలో పోయే కుక్కలు కొన్ని ఉంటాయి. వాటికి ఏ సూదీ అక్కర్లేదు. ఈ వ్యాసం వాటి గురించి కాదు.

“ఇంకా తింటోంది కదా” అనేది తర్వాత వచ్చే వాదన. కుక్క తన బాధను దాచుకుంటుంది. ఎముక క్యాన్సర్‌తో కాలు మోపలేనిది కూడా యజమాని చప్పుడు వింటే తోక ఊపుతుంది. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకూడదనే అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలమానం తయారుచేసింది. నొప్పి లేకుండా ఉండటం, తిండి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువ ఉండటం అనే ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చు. అంత లెక్క అక్కర్లేదనుకున్నవాళ్లకు గోడమీద క్యాలెండరు చాలు. మంచి రోజుకొక గుర్తు, చెడ్డ రోజుకొక గుర్తు పెడుతూపోతే నెల తిరక్కుండానే సంగతి తేలిపోతుంది.

అయితే ఆ లెక్కకు ముందు పరీక్ష జరగాలి. ‘ముసలితనం’ అని వదిలేయడం చాలాసార్లు తొందరపాటే. గోమార్ల వల్ల వచ్చే జ్వరంతో కుక్క నీరసించి, ముక్కు నుంచి రక్తం కారి, ఇవ్వాళో రేపో అన్నట్టు ఉంటుంది. రక్తపరీక్షలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో చాలావరకు లేచి తిరుగుతుంది. పిల్లల సంచి తీయించని ఆడకుక్కకు గర్భసంచిలో చీముపడితే ఆపరేషన్ చేసి కాపాడవచ్చు. జతకట్టడం వల్ల అంటుకునే గడ్డలకు వారం వారం విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. కీళ్లనొప్పులకు కుక్కల కోసమే మందులున్నాయి. మందుల షాపులో ఇంటివాళ్లకు కొనే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు మాత్రం కుక్క కడుపులో పుండ్లు పుట్టించి, ఉన్న కిడ్నీలను కూడా తీసేస్తాయి. ‘పాపం, నొప్పిగా ఉంది’ అని జాలిపడి వేసిన ఆ బిళ్లే దాన్ని చంపిన ఇళ్లున్నాయి.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు చదువుకునేటప్పుడు ముచ్చటపడి తెచ్చిన లాబ్రడార్, పామరేనియన్ పదేళ్ల తర్వాత అమ్మానాన్నల దగ్గర మిగులుతాయి. పిల్లలు డల్లాస్‌లోనో హైదరాబాదులోనో ఉంటారు. ముప్పై కిలోల కుక్కను ఎత్తి పక్కకు జరపాల్సింది మోకాళ్లు అరిగిన డెబ్బై ఏళ్ల మనిషి. నిర్ణయం మాత్రం వీడియో కాల్‌లో జరుగుతుంది: “నాన్నా, నేను డిసెంబర్లో వస్తాగా, అప్పటిదాకా ఎలాగైనా ఉంచు.” ఆ పిల్లవాడి ప్రేమ అబద్ధం కాదు. కాని ఫోను తెరలో వాసన రాదు, రాత్రి మూలుగు వినబడదు. దూరంగా ఉన్నవాళ్లకు అభిప్రాయం చెప్పే హక్కు ఉంటుంది, నిర్ణయం రోజూ శుభ్రం చేసే చేతులదే కావాలి.

ఇప్పుడు అసలు దారుణం. సూది పాపమనే ఊళ్లోనే అన్నంలో గుళికలు కలిపి పెట్టడం చూస్తాం. పొలంలో పురుగుకు చల్లే కార్బోఫ్యూరాన్ అది. చొంగ కారుతూ, కండరాలు బిగిసి, కొట్టుకుంటూ, ఊపిరాడక చస్తుంది కుక్క. ఇంకొందరు ఆటోలో ఎక్కించి పక్క ఊరి గుడి దగ్గర దించి వస్తారు. తిక్కన తెలుగు చేసిన మహాప్రస్థానిక పర్వం తెలిసిన జనం ఇలా చెయ్యడం మరీ బాధాకరం. నమ్మి వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గరథం ఎక్కనన్నాడు ధర్మరాజు. చట్టం కూడా ఆయన పక్షమే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలెయ్యడాన్ని నేరమంది. గుండెలోకి స్ట్రిక్నిన్ ఎక్కించి గాని, ఇంకే క్రూరపద్ధతిలో గాని చంపడాన్నీ నేరమంది. మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలే. ఇదే చట్టం 13వ సెక్షన్, కోలుకోలేని బాధలో ఉన్న జంతువుకు విముక్తి కలిగించే మార్గాన్ని కూడా చూపింది.

జనానికి సూది అంటే జుగుప్స ఎందుకో అర్థం చేసుకోవచ్చు. వాళ్లు చూసింది కుక్కల బండి. 2021 జులైలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో వందల కుక్కలను విషపు ఇంజెక్షన్లతో చంపారని ఫిర్యాదు వచ్చింది. ఆరోగ్యంగా తిరిగే కుక్కను అడ్డుగా ఉందని చంపడం, ఇల్లు మారుతున్నామని చంపించమనడం హత్యే. అలాంటి కోరికను డాక్టరు మొహం మీదే కాదనాలి. నయంకాని జబ్బుతో అల్లాడే కుక్కకు కారుణ్య మరణం ఇవ్వడం దీనికి పూర్తిగా వేరు. అక్కడ ముందు మత్తు ఇస్తారు, కుక్క నిద్రలోకి జారుతుంది. తర్వాత నరంలోకి ఎక్కువ మోతాదులో మత్తుమందు ఎక్కిస్తారు. క్షణాల్లో తెలివి పోతుంది, కొద్ది నిమిషాల్లో ఊపిరి, గుండె ఆగుతాయి. కళ్లు తెరిచే ఉండవచ్చు, ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు. అవి బాధ కావని డాక్టరు ముందే చెప్పాలి. ఇంటివాళ్లు దగ్గరుండాలి. తెలివిలో ఉన్న కుక్కకు మత్తివ్వకుండా మెగ్నీషియం సల్ఫేటు ఎక్కించబోతే ఆ చెయ్యి పట్టుకుని ఆపాలి.

మాట తేలికే, డాక్టరు దొరకడం కష్టం. పల్లెల్లో పశువుల ఆసుపత్రి పాడిగేదె కోసం పుట్టింది. మందుల అలమరా, చూపు రెండూ అటే. ‘మేం అలాంటివి చెయ్యం’ అని డాక్టర్లే వెనకాడితే సంగం జాగర్లమూడి మనిషి కృష్ణ దాటి గన్నవరం పశువైద్య కళాశాల దాకా, నడవలేని కుక్కను కారులో కుదిపేస్తూ తీసుకెళ్లాలి. 2022 మే నుంచి రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలున్నాయి. డాక్టరుతో సహా ఇంటి ముందుకు వచ్చే బండి అది. ముసలి కుక్క చివరి వైద్యాన్ని ఆ బండి పనుల్లో చేర్చాలి. మందు, శిక్షణ, ఇద్దరు డాక్టర్ల సంతకం లాంటి ఒక పద్ధతి పశుసంవర్థక శాఖ రాసి ఇవ్వాలి. అప్పుడు గుళికల పొట్లం వైపు చెయ్యి వెళ్లదు.

ఆ పద్ధతిలో కళేబరం సంగతి కూడా ఉండాలి. మత్తుమందు శరీరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది, పీక్కుతిన్న కాకి, గద్ద, ఇంకో కుక్క కూడా చస్తాయి. లోతుగా తీసి పూడ్చాలి. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లూరే నేలలు ఎక్కువ, పైగా సొంత స్థలం లేనివాళ్లకు ఇప్పుడు కనిపిస్తున్న దారి కాలువ ఒక్కటే. సంగం జాగర్లమూడి దగ్గర తోడిన నీళ్లు గుంటూరులో ఇళ్ల కుళాయిల్లోకి పోతాయి. కాలవగట్టుకు దూరంగా, మెరకలో నాలుగు సెంట్ల జాగా ప్రతి పంచాయతీ జంతువుల కోసం కేటాయించి, హద్దురాళ్లు పాతాలి.