మాట్లాడే రిమోటు, జోస్యం చెప్పే రోబో

డిఫెన్స్ అకౌంట్స్‌లో 34 ఏళ్ళు బిల్లులు తనిఖీ చేసి రిటైరైన నాకు, అరవై దాటాక బొమ్మ విమానాల పిచ్చి పట్టింది. మనవడు సెలవులకి వస్తే ఇద్దరం పుదుచ్చేరి ఊరు దాటి దూరంగా ఖాళీ పొలాలకు పోతాం. విమానాశ్రయం లాస్‌పేటలో ఊరిని ఆనుకునే ఉంది కాబట్టి ఊళ్ళో ఎగరేయకూడదు.

చేతిలోని ట్రాన్స్‌మిటర్ మాట్లాడుతుంది. ఆకాశం మీద కళ్ళు పెట్టినవాడికి తెర చూసే తీరిక ఉండదు కదా, అందుకని బ్యాటరీ తగ్గినా సిగ్నల్ బలహీనపడినా నోటితో చెబుతుంది. దాన్ని తెలుగులో మాట్లాడించాలని మావాడి పట్టు. అందులోని ఎడ్జ్‌టీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ప్రతి మాటా మెమరీ కార్డులో ఒక చిన్న వేవ్ ఫైలు. నేను రెండు గళ్ళ పట్టిక తయారుచేశాను: ఒకదాంట్లో ఫైలు పేరు, రెండోదాంట్లో పలకాల్సిన వాక్యం. మావాడు పైథాన్‌లో పాతిక లైన్ల స్క్రిప్టు రాశాడు. అది ఒక్కో వరుసా చదివి, ఈస్పీక్ చేత తెలుగులో పలికించి, 16 బిట్లు, మోనో, 32,000 హెర్ట్జ్‌లోకి మార్చి దాస్తుంది. గొంతు కాస్త ముక్కుతో మాట్లాడినట్టుంటుంది గానీ అర్థమవుతుంది.

అంకెల దగ్గరే పేచీ వచ్చింది. వంద ఫైలు పక్కన అయిదు ఫైలు అతికించి యంత్రం 105 చదువుతుంది. ఇంగ్లీషుకి అది చాలు. మనకి విడిగా ఉంటే ‘వంద’, పక్కన అంకె చేరితే ‘నూట’. ఫైలేమో ఒకటే. అందుకని మా విమానం ఇప్పటికీ ‘వంద అయిదు’ మీటర్ల ఎత్తులో ఎగురుతోంది.

ఇంకో తప్పు నాదే. పట్టికలో రెండు పేర్లు తారుమారు చేశాను. ఇంట్లో పరీక్షిస్తే బ్యాటరీ తగ్గినప్పుడు ‘సిగ్నల్ తగ్గింది’ అంది. గొంతులో వణుకు లేదు, సందేహం లేదు. నిజం చెప్పినప్పుడు ఎంత ధీమాగా ఉందో అబద్ధానికీ అంతే.

అప్పుడే పక్కింటి యానాం ఆవిడ వచ్చింది. శుక్లాల ఆపరేషన్ వాయిదా వేసుకుందట. ఎగ్జిబిషన్‌లో రంగు లైట్లు వెలిగే రోబో ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే, ఈ ఏడాది శరీరానికి కత్తి తగలకూడదని చెప్పిందట. ఇలాంటి రోబోలు మన జాతరల్లో చాలామంది చూసే ఉంటారు. లోపల ముందే రికార్డు చేసిన జోస్యాలు, వాటిని వినిపించే ప్లేయరు, అంతే.

“మిషన్‌కి అబద్ధం చెప్పాల్సిన పనేంటి అన్నయ్యగారూ? దానికేం లాభం?” అంది.

1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టెస్లా రేడియోతో నడిచే పడవని చూపించాడు. చూసేవాళ్ళు ప్రశ్నలడిగితే పడవ లైట్లు వెలిగి ఆరి జవాబు చెప్పేవి. 64కి ఘనమూలం అడిగితే నాలుగుసార్లు వెలిగాయంటారు. లెక్క చేసింది పడవ కాదు, పక్కన నిలబడ్డ టెస్లా.

ఈ కథంతా చెప్పకుండా ఆవిడ ముందే పట్టికలో ఒక వరుస చేర్చాను: ‘మీ కంటి ఆపరేషన్‌కి ఈ నెల చాలా మంచిది.’ స్క్రిప్టు నడిపి స్విచ్ నొక్కాను. యంత్రం అలాగే పలికింది. ఆవిడ పకపకా నవ్వి, వెంటనే అడిగింది: “మరి బ్యాటరీ అయిపోయిందని ఇదే చెబితే మీరెందుకు నమ్ముతారు?”

మంచి ప్రశ్న. మా ఆఫీసులో ప్రతి పద్దుకీ ఓచరు ఉండాలి. 10.5 వోల్టుల కన్నా తగ్గితేనే ఆ ఫైలు పలకాలని మేం షరతు పెట్టాం. అనుమానమొస్తే మీటరు పెట్టి చూస్తాను, తప్పని తేలితే దిద్దుతాను. రోబో జోస్యానికి ఓచరేది? ఆవిడ కన్ను చూసింది డాక్టరు, రోబో కాదు.

చేతిలోంచి విభూతి తీయడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం మన సంఘాలు ఏళ్ళ తరబడి చేసి చూపిస్తున్నాయి. మంచిదే. కానీ ఇవాళ కొడుకు గొంతునే అచ్చు దించి డబ్బు అడిగే మోసాలు జరుగుతున్నాయి. హైస్కూలు పిల్లల చేత ఈ పాతిక లైన్లూ రాయించి, యంత్రం నోట ఒక పచ్చి అబద్ధం వాళ్ళ చేతే పలికించాలంటాను. చెప్పడం కన్నా చేయించడం మేలు.

పక్కింటావిడ సోమవారం కంటి డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్తానంది, నన్ను తోడు రమ్మంది. ‘నూట’ సంగతి ఆ తర్వాత చూడాలి.