తాగి తూలడం లేదు, బాబూ!

మొన్న సిటీ బస్సు దిగబోతూ ఓ కుర్రాడు తూలాడు. "పొద్దున్నే పట్టించాడు" అన్నారెవరో వెనకనుంచి. నలుగురు నవ్వారు. పక్కనే చెయ్యి పట్టుకుని ఉన్న తల్లి "బండి మీంచి పడ్డాడయ్యా, తలకి ఆపరేషనైంది" అని సంజాయిషీ చెప్పుకుంది. ఎవరికి? టికెట్ కొన్న మనందరికీ!

కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది, లేచి సీటిస్తాం. దెబ్బ మెదడుకి తగిలితే కాళ్లు నిక్షేపంగా ఉంటాయి, నడకే ఉండదు. చిన్నమెదడు దెబ్బతింటే ఒంటికి తూకం తప్పి అడుగులు ఎడంగా పడతాయి. కొందరికి కండరాలు బిగుసుకుపోయి మడమ నేలకానదు. కొందరికి పాదం పైకి లేవక వేళ్లు రాసుకుంటాయి. ఒకప్పుడు ఊసులాడుకుంటూ నడిచినవాడు ఇప్పుడు ప్రతి అడుగూ ఆలోచించి వేయాలి. అలాంటివాణ్ణి దారిలో పలకరిస్తే మాటైనా ఆగుతుంది, నడకైనా ఆగుతుంది. మనం పొగరనుకుంటాం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. ఈ అంకె సభల్లో వినిపిస్తుంది. గాయపడ్డ 4,43,366 మందిలో మళ్లీ నడిచిందెవరో ఎవరూ అడగరు. 2025లో కేంద్రం క్షతగాత్రులకి నగదు రహిత వైద్యం తెచ్చింది: లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం నాటినుంచి ఏడు రోజులు. మంచిదే, ప్రాణం నిలుస్తుంది. కానీ తలకి పెద్ద దెబ్బ తగిలినవాడు ఏడోరోజుకి కళ్లు తెరిస్తేనే గొప్ప. నడక నేర్పే ఫిజియోథెరపీకి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఆ భారం తల్లి మెడలోని బంగారం మీద పడుతుంది.

సరే, నానా తంటాలూ పడి నడక వచ్చిందే అనుకోండి. నడవడానికి చోటేదీ? పాత పాటే పాడుతున్నానని విసుక్కున్నా సరే, ఫుట్‌పాత్ సంగతి ఎత్తకుండా ఉండలేను. ట్రాన్స్‌ఫార్మర్, షోరూము వారి బళ్లు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ... మనిషికి తప్ప అన్నిటికీ అక్కడ చోటుంది. (ఇడ్లీ బండివాణ్ణి ఏమీ అనను, వాడిది పొట్టకూటి గొడవ.) ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద పాదచారి హక్కేనని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఆ మాట మన మున్సిపాలిటీల దాకా ఇంకా నడిచి రాలేదు.

కమిషనర్లకి ఒక మనవి. కారు దిగి, మీ ఊళ్లో ఒక్క కిలోమీటరు ఫుట్‌పాత్ మీదే నడిచి చూడండి. ఫ్లెక్సీ అడ్డొస్తే, అది ఎవరిదైనా సరే, అక్కడికక్కడే పీకించండి.