జ్వరము వచ్చినప్పుడు ఒళ్లు వెదకి చూడవలెను

మిరపతోటలో ఆకులు ముడుచుకొన్నచో మన రైతు ఊరకుండడు. ఆకు త్రిప్పి అడుగుభాగము చూచును. నల్లి పట్టినదా, తామరపురుగు చేరినదా అని తేల్చుకొన్న పిమ్మటనే మందు సంగతి ఆలోచించును. అదే రైతుకు జ్వరము వచ్చినప్పుడు మాత్రము ఒక సూది, ఒక సెలైను సీసాతో సరిపుచ్చుకొనును. అది ఏ జ్వరమో ఎవ్వరును తేల్చరు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఈ అలవాటు మారవలెనని నా అభిప్రాయము. అందుకు ముఖ్యకారణము స్క్రబ్ టైఫస్ అను జ్వరము. 2025 సంవత్సరాంతమున మన రాష్ట్రములో పలు జిల్లాలలో ఇది బయటపడినది.

పైరుకు పట్టు నల్లికి దూరపు చుట్టమైన ఒక పురుగు దీనిని మోసికొని వచ్చును. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లదశలో మాత్రమే అది మనిషిని కుట్టును. కంటికి ఆనదు, కుట్టినట్లు తెలియదు. ఎలుకలు తిరుగు గట్లమీది గడ్డిలోను, కంపపొదలలోను ఇది ఉండును. తుంగభద్ర దిగువ కాలువ గట్లు, పత్తిచేల అంచులు, గొర్రెలకాపరులు నడుము వాల్చు బీళ్లు ఇట్టి తావులే. వానలు వెనుకబట్టి చలి మొదలగు నెలలలో ఈ జ్వరము హెచ్చు. మన పత్తి ఏరుడు కాలము కూడ అదే.

కుట్టిన తరువాత 6 నుండి 21 దినములలోపు జ్వరము వచ్చును. కావున ఇక్కడ పొలములో కుట్టించుకొని, మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయిన కూలికి అక్కడ జ్వరము తగులవచ్చును. అక్కడి వైద్యునకు ఇతడు ఎచ్చట పనిచేసి వచ్చినాడో తెలియదు. అడుగకపోయినను చెప్పుట మన పని.

ఈ జ్వరమునకు ఒక గుర్తు కలదు. కుట్టినచోట బీడీ నిప్పుతో కాల్చినట్లు నల్లని చెక్కు కట్టును. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుచేతనే ఎవరును లక్ష్యపెట్టరు. చంకలు, గజ్జలు, మొలతాడు క్రింద, చీర కుచ్చిళ్లు దోపు చోటు, రొమ్ముల క్రింద, మోకాలి వెనుక వెదకవలెను. ఈ చోట్లు ఆడవారు మగ వైద్యునకు చూపరు. నర్సమ్మగాని ఆశా కార్యకర్తగాని చాటుకు తీసికొనిపోయి చూడవలెను. ఈ చిన్న ఏర్పాటు లేక ఎన్ని చెక్కులు రవికెల మాటుననే ఉండిపోవుచున్నవో! చెక్కు అందరికిని కనబడదు. కనబడకున్నంత మాత్రమున వ్యాధి లేదని తలంపరాదు.

అమెరికాలో దీనిని పోలిన చిక్కు మరొకటి వచ్చినది. 1975లో కనెక్టికట్ రాష్ట్రములోని లైమ్ అను ఊరి పరిసరములలో పిల్లలకు కీళ్లవాపులు రాగా, వైద్యులు విచారణ ప్రారంభించిరి. గోమారి జాతి పురుగు కుట్టుటయే మూలమని తేలినది. 1982లో బర్గ్‌డార్ఫర్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనతో సూక్ష్మజీవి వెల్లడియైనది. లైమ్ వ్యాధికి ఎఱ్ఱని మచ్చ చక్రమువలె పెరుగును. ఆ మచ్చను చూచిన వైద్యుడు రక్తపరీక్షకై ఆగక మందు మొదలిడును. తొలిదినములలో రక్తములో ఏమియు తేలకపోవచ్చును గనుక. సూక్ష్మజీవి వేరైనను మన జ్వరము విషయములోను న్యాయము ఇదియే. ఎలైసా పరీక్ష మంచిదే, కాని జ్వరము వచ్చిన మొదటి నాలుగైదు దినములలో లేదని చూపవచ్చును. అనుమానము కలిగినచో పరీక్షాఫలితము కొరకు చికిత్స ఆపరాదని 2015లో భారత వైద్య పరిశోధన మండలి కూడ సూచించినది.

మన పట్టణములలో మాత్రము విడాల్ పరీక్షలో కొంచెము తేడా కనబడినంతనే ‘టైఫాయిడ్’ అని వ్రాసి ఇచ్చుట వాడుక. టైఫాయిడ్, టైఫస్ పేర్లలో దగ్గర, గుణములో దూరము. టైఫాయిడ్‌కు వేయు సెఫ్‌ట్రియాక్సోన్ సూదులు స్క్రబ్ టైఫస్‌కు పనిచేయవు. డాక్సీసైక్లిన్ అను చౌకమందు పనిచేయును. పెద్దలకు 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 7 దినములు వాడుదురు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇత్తురు. సకాలములో ఇచ్చినచో రెండు దినములలో జ్వరము దిగుట పరిపాటి. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు దెబ్బతిని ప్రాణము పోవచ్చును. ఆ స్థితిలో ఆదోని నుండి దాదాపు నూరు కిలోమీటర్ల దూరమునున్న కర్నూలు పెద్దాసుపత్రికి పరుగెత్తవలసివచ్చును. మందు చౌకయే గదా యని అంగడిలో కొని మ్రింగుట మాత్రము తగదు. మలేరియా, డెంగ్యూ కాదని వైద్యుడే తేల్చవలెను.

పొదలు కొట్టించుడు, ఎలుకలను అదుపుచేయుడు, నేలపై పడుకొనకుడు అని చెప్పుచున్నారు. మంచి మాటలే. కాని కంపలేని గట్టు, ఎలుకలేని చేను మన సీమలో ఎక్కడ? కూలికి పోవునామె గడ్డిలో కూర్చుండక సద్ది ఎక్కడ తినును? జాగ్రత్తలు చెప్పి ఊరకుండుటకంటె, జ్వరము వచ్చిన రెండవనాడే ఒళ్లు వెదకుట నేర్పినచో ప్రాణములు నిలుచును. రైతు సేవా కేంద్రముల గోడలపై గులాబీరంగు పురుగు బొమ్మ ప్రక్కన ఈ నల్లని చెక్కు బొమ్మను కూడ పత్తి ఏరుడుకు ముందే అంటింపవలెను.