ఇచ్చే ముందు ఒక్కమాట అడగండి

సంక్రాంతి దగ్గరపడుతోందంటే ఇళ్లల్లో బూజులు దులపడం మొదలవుతుంది. అటక మీది సామాను కిందికి దిగుతుంది. ఎండలో కాసేపు ఆరుతుంది. సాయంత్రానికి మళ్లీ అటకెక్కుతుంది. మధ్యలో మనం ఏదైనా తీసేద్దామంటే చాలు, అమ్మ నోట ఒకటే మాట: ‘ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది.’ ఆ ‘ఎప్పుడైనా’ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. మూత లేని మిక్సీ జార్, హ్యాండిల్ ఊడిన సూట్‌కేస్, తమ్ముడి పదో తరగతి గైడ్లు, చార్జర్ లేని మూడు ఫోన్లు... అన్నీ దాని కోసమే ఎదురుచూస్తుంటాయి.

2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మేరీ కొండో షో వచ్చాక మనలో చాలామందికి ఇల్లు సర్దడం మీద మోజు పుట్టింది. వస్తువును చేతిలోకి తీసుకో, మనసుకు సంతోషంగా అనిపిస్తే ఉంచుకో, లేకపోతే థాంక్స్ చెప్పి పంపించెయ్ అంటుందావిడ. బాగానే ఉంది. కానీ పంపించేది ఎక్కడికి? మనింట్లో ఖాళీ అయిన జాగా ఫొటో ఇన్‌స్టాలో పెడతాం. ఆ సంచి ఎవరింట్లో దిగిందో మాత్రం చూడం.

ఈమధ్య మా ఎదురు ఫ్లాట్ వాళ్లు ఇల్లు సర్దారు. రెండు పెద్ద సంచులు కట్టి పనావిడ చేతిలో పెట్టారు. ఆవిడే మా ఇంట్లోనూ పనిచేస్తుంది. ఆ సంచులు మా గుమ్మం పక్కన పెట్టి, అంట్లు తోముతూ అంది: ‘వద్దంటే ఏమనుకుంటారోనని తీసుకుంటాం అక్కా. మాదంతా కలిపి ఒక్కటే గది. ఇవన్నీ ఎక్కడ పెట్టను?’ సంచి విప్పి చూపించింది. జిప్పు పోయిన జీన్స్, చంకలో చిరిగిన కుర్తీలు, ఒంటి చెప్పు. ‘రెండో చెప్పు ఇంకో సంచిలో ఉందేమో చూడాలి’ అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మూడు బెడ్‌రూముల ఇంట్లో పట్టని సామాను ఒంటి గదిలో ఎలా పడుతుంది? అది దానం కాదు, మన అటకను వాళ్లింటికి మార్చడం. పైగా వద్దనే చనువు వాళ్లకు ఉండదు. అందుకే ఇచ్చేవాళ్లే ముందు అడగాలి. ‘ఇది ఉంది, నీకు పనికొస్తుందా? వద్దంటే ఏమీ అనుకోను’ అంటే చాలు. అలా అడిగితే అవసరమైంది ఆవిడే చెబుతుంది. మా ఇంట్లో అడిగితే బట్టలేవీ వద్దంది. పిల్లాడు చదువుకోవడానికి టేబుల్ ల్యాంపు ఉందా అంది. ఉంది. అదీ అటక మీదే!

పెద్ద ఎత్తున జరిగే సాయంలోనూ ఇదే కథ. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరానికి లారీల కొద్దీ పాత బట్టలు వెళ్లాయి. అందులో చాలామటుకు అక్కడివాళ్లు కట్టుకోలేనివి. రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. ఇల్లూ వాకిలీ పోయినా మనిషికి తనకంటూ ఒక ఇష్టం, ఒక మర్యాద ఉంటాయి కదా!

అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన ‘గూంజ్’ సంస్థ ఈ విషయాన్ని బాగా అర్థం చేసుకుంది. వాళ్లు బట్టల్ని ఊరికే పంచిపెట్టరు. ఊరివాళ్లు కలిసి బావి తవ్వుకుంటారు, దారి బాగు చేసుకుంటారు. ఆ కష్టానికి ప్రతిఫలంగా బట్టలూ సామానూ అందుతాయి. చేయి చాచే పని లేదు. తొడుక్కోవడానికి పనికిరాని నూలు బట్టను శుభ్రం చేసి శానిటరీ ప్యాడ్లు చేస్తారు. ఆయనకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

మనం అంత చేయక్కర్లేదు. చిన్న చిన్నవి చూసుకుంటే చాలు. బట్టలైతే ఉతికి, గుండీలు కుట్టించి, చుడీదార్‌కు దాని చున్నీ కలిపి పిన్ను పెట్టండి. చెప్పులు జతగా కట్టండి. కుక్కర్ ఇస్తే వెయిట్, గాస్కెట్ కూడా ఇవ్వండి. లేకపోతే తీసుకున్నవాళ్లకు అదో ఖర్చు. ఇంటర్ పుస్తకాలు, ఎంట్రెన్స్ మెటీరియల్ పరీక్షలు అయిన వెంటనే జూనియర్లకు ఇచ్చేయండి. సిలబస్ మారాక ఇస్తే చిత్తుకాగితాల కింద తూకానికే వెళ్తాయి.

ఫోన్ల సంగతి మరీ ముఖ్యం. ఫొటోలు బ్యాకప్ తీసుకుని, యూపీఐ యాప్‌ల నుంచి బయటికొచ్చి, సిమ్, మెమరీ కార్డు తీసేయండి. ఆ తర్వాత గూగుల్ అకౌంట్ తొలగించి, అప్పుడే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. అకౌంట్ తీయకుండా రీసెట్ చేస్తే ఆన్ చేయగానే మీ పాత పాస్‌వర్డ్ అడిగే ప్రమాదం ఉంది. తీసుకున్నవాళ్ల చేతిలో అది ఇటుక ముక్కే. ఐఫోన్ అయితే ‘ఫైండ్ మై’ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు.

ఎవరికీ ఇవ్వకూడనివీ ఉన్నాయి. గడువు దాటిన మందులు, కింద పడి దెబ్బతిన్న హెల్మెట్, ఉబ్బిన బ్యాటరీ ఎంత ఫ్రీగా ఇచ్చినా అపాయమే. పాడైన ఎలక్ట్రానిక్స్‌ను ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం వాటిని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలకూ ఉంది. భోగి మంటలో పాత చెక్క వేయండి, పిడకలు వేయండి. ఫోమ్ పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు మాత్రం వద్దు. ఆ పొగ పీల్చేది మన వీధి పిల్లలే.

ఇంతకీ అన్నిటికంటే కష్టమైనవి పనికిరాని వస్తువులు కావు, మనుషులు వదిలి వెళ్లినవి. తెనాలిలో మా ఇంట్లో తాతయ్య వీల్‌చైర్ మూడేళ్లు అటక మీదే ఉంది, పైన దుప్పటి కప్పి. ‘అది తీసేస్తే ఆయన్ని తీసేసినట్టుంటుందే’ అనేది అమ్మ. మేమెవరం మాట్లాడలేకపోయాం. ఒకరోజు వీధి చివర మెడికల్ షాపాయన మాటల్లో చెప్పాడట, వాళ్లమ్మకు తుంటి ఎముక విరిగిందనీ, కుర్చీకి నెలనెలా అద్దె కడుతున్నామనీ. ఆ సాయంత్రం అమ్మే మా తమ్ముడిని అటకెక్కించింది. సీటు కడిగింది, చక్రాలకు నూనె వేసింది. తాతయ్య కళ్లజోడు పెట్టె మాత్రం తన బీరువాలో పెట్టుకుంది. ఇప్పుడు ఆ పెద్దావిడ సాయంత్రాలు వాకిట్లోకి వస్తోందని ఫోన్ చేసినప్పుడల్లా నాకు చెబుతుంటుంది. గొంతులో బాధ లేదు.

ఈ ఆదివారం మీరూ ఇల్లంతా సర్దేయాలని కూర్చోవద్దు. మధ్యాహ్నానికే నీరసం వచ్చి అన్నీ మళ్లీ లోపలికి తోసేస్తారు. ఒక్క అర చాలు. అందులోంచి మీకు అక్కర్లేని మంచి వస్తువు ఒకటి తీయండి. ఎవరికి పనికొస్తుందో ఒక పేరు అనుకోండి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంది కదా, వాళ్లకు కాల్ చేసి కావాలో వద్దో అడగండి. వద్దంటే ఇంకొకరిని అడగండి. సంచి తర్వాత కడదాం.