అందరికీ ఏడాది, ఎవరికి మేలు?

2020లో కొవిడ్‌తో పరిశోధనలు కుంటుపడ్డాయి కనుక శాశ్వత ఉద్యోగం, పదోన్నతి పొందాల్సిన గడువును అధ్యాపకులందరికీ ఏడాది పొడిగించామని అమెరికా విశ్వవిద్యాలయాలు ఒకదాని వెంట ఒకటి ప్రకటించాయి. వైద్య కళాశాలలూ ఆ బాటే పట్టాయి. ఆడ, మగ తేడా చూపలేదు కాబట్టి ఇది సమన్యాయమట. ఈ మాట నిజం కాదు. కాదని వాటికీ తెలుసు.

తెలియదనడానికి వీల్లేదు. బిడ్డ పుడితే తల్లికీ తండ్రికీ సమానంగా గడువు పెంచే పద్ధతి అక్కడ ఏళ్లుగా ఉంది. 50 అగ్రశ్రేణి ఆర్థికశాస్త్ర విభాగాల్లో దాని ఫలితాన్ని లెక్కగట్టిన అధ్యయనం 2018లోనే వెలువడింది. ఆ పద్ధతి వచ్చాక చేరినచోటే శాశ్వత ఉద్యోగం దక్కించుకునే మగవారు పెరిగారు, ఆడవారు తగ్గారు. మగవారు ఆ అదనపు ఏడాదిలో పెద్ద జర్నళ్లలో మరిన్ని పేపర్లు వేసుకున్నారు. ఆడవారికి ఆ వెసులుబాటు దక్కలేదు.

కొవిడ్ కాలంలోనూ అదే తంతు. కొవిడ్‌పై తొలి నెలల్లో వచ్చిన వైద్య పేపర్లలో మొదటి రచయితగా మహిళ పేరున్నవాటి వాటా, అవే జర్నళ్లలో 2019తో పోలిస్తే 19 శాతం తక్కువ. బడులు, డేకేర్‌లు మూతపడ్డాయి. వార్డులో డ్యూటీ ఆగలేదు. అక్కడి తెలుగు వైద్యురాళ్లకు పసిబిడ్డను చూసుకునేందుకు వెళ్లాల్సిన అమ్మమ్మలు, నాయనమ్మలు విమానాలు లేక ఇక్కడే ఉండిపోయారు. పీపీఈ కిట్ విప్పి ఇంటికొచ్చి, స్నానం చేస్తే గానీ బిడ్డను ఎత్తుకోలేని తల్లి పేపర్ ఎప్పుడు రాయాలి? ఇంటి బరువు లేని సహోద్యోగికి అదే ఏడాది చేతికందిన సెలవు. ఆ తర్వాత పదోన్నతి కమిటీ ఇద్దరి పేపర్లనూ పక్కపక్కన పెట్టి లెక్కపెడుతుంది. పైగా గడువు పెరగడమంటే పదవి, జీతం ఏడాది వెనక్కి పోవడమే. కొవిడ్ వచ్చేనాటికి అక్కడి వైద్య విద్యలో పూర్తిస్థాయి ప్రొఫెసర్లలో మహిళలు నాలుగో వంతే.

ఆడవారికే పొడిగింపు ఇస్తే పిల్లల్ని సాకుతున్న తండ్రులకు అన్యాయమన్నది సరైన మాటే. అయితే బాధ్యతను చూసి ఇవ్వండి.

దారి లేకపోలేదు. ఇంటి బాధ్యతలతో పరిశోధన వదిలేసే ప్రమాదమున్న వైద్యులు సహాయకులను పెట్టుకునేందుకు అమెరికా దాతృత్వ సంస్థ డోరిస్ డ్యూక్ ఫౌండేషన్ 2015లోనే నిధులివ్వడం మొదలుపెట్టింది. కాలం పొడిగించడంతో సరిపెట్టకుండా విశ్వవిద్యాలయాలు ఆ చేయూత అందించాలి. కొవిడ్ వార్డుల్లో చేసిన సేవను పదోన్నతి లెక్కలో చేర్చాలి. ఈ రెండూ చేయకుండా సమన్యాయం పేరెత్తే అర్హత వాటికి లేదు.