గంట మోగితే పక్క బల్లకి!

'స్పాటర్స్' అంటే ఎంత భయమో ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లల్ని అడగాలి. వరసగా బల్లలు. ఒకదానిమీద ఎముక, మరోదానిమీద సీసాలో గుండె, ఇంకోచోట మైక్రోస్కోపు. దారం కట్టిన నరం పేరేంటో, గుండుసూది గుచ్చిన కండరం ఏం పని చేస్తుందో రాయాలి. ఒకటో రెండో నిమిషాలు... టింగ్! పక్క బల్లకి జరగాల్సిందే.

పోనీ, పెద్ద తరగతుల్లో వార్డులో పెట్టే పరీక్షో? అక్కడంతా అదృష్టం. ఒకరికి తేలికైన కేసు, ఇంకొకరికి అంతుబట్టని జబ్బు. ఒక ఎగ్జామినరు శాంతమూర్తి, మరొకరు ఉగ్రనరసింహుడు!

స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ అనే వైద్యాచార్యుడు దీనికి విరుగుడు ఆలోచించాడు. 1975లో ఆయన బృందం ప్రకటించిన ఆ పద్ధతే 'ఆస్కీ'. ఇందులోనూ బల్లలూ గంటా ఉంటాయి. కానీ పేరు రాస్తే చాలదు, చేసి చూపాలి. ఒకచోట బీపీ చూడాలి, ఇంకోచోట పొట్ట నొక్కి చూడాలి, మరోచోట జబ్బు సంగతి రోగికి అర్థమయ్యేలా చెప్పాలి. అందరికీ అవే పనులు, దేనికెన్ని మార్కులో ముందే రాసిపెట్టిన ఒకే పట్టీ. చేతులు కడుక్కున్నందుకూ, రోగిని అనుమతి అడిగినందుకూ మార్కులుంటాయి.

అలాగని ఇదీ లోపంలేనిదేం కాదు. 'నొప్పిగా ఉందామ్మా?' అని మార్కుకోసం అడిగేసి, జవాబు వినకుండానే పొట్టమీద చెయ్యి వేసేవాళ్లూ ఉంటారు.

ఆ మర్యాద అలవాటు కావాలంటే మొదటి ఏడాదిలోనే మొదలవ్వాలి. మనదేశంలో 2019లో అమల్లోకి వచ్చిన పాఠ్యప్రణాళికలో దానికీ ఓ పాఠం ఉంది... శవమే తొలి గురువని. చాలా కాలేజీల్లో ఆ గురువు ముందు ప్రమాణం చేశాకే పిల్లల చేతికి కత్తి ఇస్తున్నారు.