మౌనం అర్ధాంగీకారమేనా?

2003లో ‘సైన్స్’ పత్రికలో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ రాసిన చిన్న వ్యాసం యూరప్ ప్రభుత్వాలను బాగా ఊరించింది. అవయవదానానికి సమ్మతి తెలిపినవాళ్లు జర్మనీలో 12 శాతం. పక్కనే ఉన్న ఆస్ట్రియాలో 99.98 శాతం. ఆస్ట్రియన్లేమీ దానకర్ణులు కారు. జర్మనీలో దాత కావాలనుకున్నవాళ్లు ముందుకొచ్చి చెప్పాలి. ఆస్ట్రియాలో వద్దనుకున్నవాళ్లే చెప్పాలి. నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క.

పెద్దగా ఖర్చు లేదు, బలవంతం అంతకన్నా లేదు. నిబంధనను తిరగేస్తే చాలు, వెయిటింగ్ లిస్టులు కరిగిపోతాయని చాలామంది నమ్మారు. వేల్స్ 2015 డిసెంబరులో ఈ పద్ధతికి మారింది. 2020లో ఇంగ్లండ్, నెదర్లాండ్స్, 2021లో స్కాట్లండ్, 2023లో ఉత్తర ఐర్లండ్ అదే దారి పట్టాయి. నెదర్లాండ్స్ ఎగువసభలో బిల్లు 38-36 ఓట్లతో గట్టెక్కింది. జర్మనీ పార్లమెంటు మాత్రం 2020 జనవరిలో అలాంటి ప్రతిపాదనను తోసిపుచ్చింది.

అయితే ఆ వ్యాసంలోనే మరో లెక్క కూడా ఉంది. దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. సమ్మతిలో తేడా ఎనిమిది రెట్లున్నా, ఇలాంటి నిబంధన వల్ల వాస్తవంగా జరిగే దానాల్లో పెరుగుదల సుమారు 16 శాతమేనని రచయితలే అంచనా వేశారు. స్వీడన్ సంగతి చూసినా ఇదే తేలుతుంది. అక్కడ 1996 నుంచీ మౌనాన్ని అంగీకారంగానే తీసుకుంటున్నా, దాతల సంఖ్యలో ఆ దేశం యూరప్ అగ్రశ్రేణిలో లేదు.

కారణం ఐసీయూ తలుపు దగ్గరే కనిపిస్తుంది. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి మాట్లాడలేడు. కొన్ని గంటల్లో నిర్ణయం చెప్పాల్సింది వెంటిలేటర్ మీద ఇంకా ఊపిరాడుతున్నట్టు కనిపిస్తున్న కొడుకునో భార్యనో చూస్తూ నిలబడ్డ కుటుంబం. బ్రిటన్‌లో చట్టం అనుమతించినా, కుటుంబం కాదంటే వైద్యులు ముందుకు వెళ్లరు. పైగా పోయిన మనిషి బతికుండగా ఏమీ చెప్పకపోతే, ఆ మౌనం ఇష్టమో బద్ధకమో ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది? అక్కడ కుటుంబాల అంగీకారం 2019-20లో 68 శాతం దరిదాపుల్లో ఉండేది. చట్టం మారాక పెరగకపోగా 61 శాతం చుట్టుపక్కలకు పడిపోయింది. అందులో కోవిడ్ ప్రభావమూ ఉండొచ్చు. కానీ చట్టం ఒక్కటే గట్టెక్కించలేదన్నది స్పష్టం.

స్పెయిన్ కథ వేరు. అక్కడ 1979 నుంచే మౌనాంగీకార చట్టం ఉంది. అయినా పదేళ్ల తర్వాత కూడా దాతలు పది లక్షల జనాభాకు 14 మందే. 1989లో రఫాయెల్ మతేసాన్స్ నాయకత్వంలో జాతీయ అవయవ మార్పిడి సంస్థ ఏర్పడ్డాకే కథ మలుపు తిరిగింది. ఆస్పత్రుల్లో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్లను పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఐసీయూ వైద్యులే. దుఃఖంలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో వాళ్లకు శిక్షణ ఇచ్చారు. ఏ మరణంలో దానానికి అవకాశం ఉండి చేజారిందో ఆస్పత్రి రికార్డులు తిరగేసి చూశారు. 2019 నాటికి దాతలు పది లక్షలకు 49 మందికి చేరారు. విజయం చట్టానిది కాదని మతేసాన్సే పదేపదే చెప్పారు. స్పెయిన్‌లో ఇప్పటికీ కుటుంబాన్ని అడగకుండా అవయవాలు తీయరు.

అలాగని నడ్జ్ పద్ధతులన్నీ, అంటే బలవంతం లేకుండా చిన్న మార్పుతో జనాన్ని ఒక నిర్ణయం వైపు మళ్లించే ఎత్తుగడలన్నీ, దండగ కాదు. 2013లో బ్రిటన్ ప్రభుత్వం పది లక్షల మందికి పైగా వెబ్‌సైట్ సందర్శకుల మీద ఎనిమిది రకాల సందేశాలను పరీక్షించింది. ‘మీకే అవయవం అవసరమైతే తీసుకుంటారా?’ అన్న ధోరణిలోని ప్రశ్న మిగతావాటికన్నా ఎక్కువమందిని నమోదు చేయించింది. నవ్వుతున్న జనం ఫొటో పెడితే నమోదులు తగ్గాయి. నడ్జ్ సిద్ధాంతకర్త రిచర్డ్ థేలర్ కూడా మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం కన్నా, జనాన్ని సూటిగా అడగడమే మేలన్నారు. స్వయంగా నమోదు చేసుకున్నవాళ్ల ఇష్టం కుటుంబానికి కనీసం తెలుస్తుంది.

చట్టసవరణకు ఒక్క ఓటింగ్ చాలు, మర్నాడు పత్రికల్లో పతాక శీర్షిక ఖాయం. కోఆర్డినేటర్ల జీతాలకు, ఐసీయూ పడకలకు, శిక్షణకు మాత్రం ఏటేటా బడ్జెట్ కావాలి. మన దేశంలో 1994 చట్టం ప్రకారం దగ్గరి బంధువుల సమ్మతే కీలకం. కాబట్టి యూరప్ నుంచి ఏదైనా తెచ్చుకోదలిస్తే ఆస్ట్రియా నిబంధన కన్నా స్పెయిన్ కోఆర్డినేటర్ల వ్యవస్థే మనకు ఎక్కువ పనికొస్తుంది. జిల్లా ఆస్పత్రుల ఐసీయూల దగ్గర మొదలుపెట్టాల్సిన పని అది.